పది గుడ్ల లెక్క

దర్జీ పనికి కొలత ముఖ్యం కదా,
అందుకే చెప్తా ఉండా:
అది చింపిన కాగితం పట్టీ
ఈ కొస నుంచి ఆ కొస దాకా పావంగుళం వెడల్పు.
టేపు పెట్టి కొలిచినా.
ముక్కుతో చిల్లులు పొడుచుకుంటా పోయి,
మిషను సూది మాదిరి, ఆగకుండా,
చివర్న ఒక్క లాగు లాగుతుంది.
ఆ పట్టీని నడుము ఈకల్లో దోపుకొని
చెక్కపెట్టెలోకి దూరుతుంది.
సగం దారిలోనే జారి పడిపోతాయి.
మళ్లా వచ్చి మళ్లా చింపుతుంది.

గిరింపేటలో మా అంగడి పదడుగుల గది.
నాదొక మిషను, ధనభాగ్యంది ఒక మిషను,
నడిమధ్య కిటికీకి వేలాడే పంజరం.
రవికల కొలతలు రాసిన కాగితాలు
ఎన్ని పోయినాయో లెక్కలేదు.
మురకంబట్టు టీచరమ్మ చేతి చుట్టుకొలత
ఇప్పుడు గూట్లో పరుపు.

చర్చి వీధి దొరస్వామి అమ్మినప్పుడు
జత అన్నాడు.
పచ్చది పుంజు, నీలంది పెట్ట అన్నాడు.
నమ్మకుండా ఎట్లుంటాం?
ఒకదాని నోట్లో ఒకటి కొర్రలు కక్కి తినిపిస్తా ఉంటే,
మధ్యాన్నం కరెంటు పోయినప్పుడు
ఆ ఉక్కలో కూడా ముద్దగా అతుక్కొని
ఏది రెక్కో ఏది వీపో తెలీకుంటే.

ప్రేమపక్షులని పేరు పెట్టినోడు
వాటి గూట్లో వేలు పెట్టి ఉండడు.
ధనభాగ్యం పెట్టింది.
బొటనవేలి గోరు పక్కన ఇప్పటికీ మచ్చ.
"పిట్టా ఇది? వాకిట్లో కాపున్న గంగమ్మ!" అనింది
రక్తం చప్పరిస్తా, నవ్వుతా.

తొలి గుడ్డు ఆదివారం. మంగళవారం ఇంకొకటి.
ఆ తర్వాత ఒకే రోజు రెండు!
రోజు విడిచి రోజు ఒక్కటే కదా పెట్టాల?
మించితే ఆరు కదా?
పది.
రేగిపండంత గుడ్లు పది, పెట్టె మూల.

పన్నెండో రాత్రి అంగడి లైటార్పి
సెల్లు టార్చి ముందర ఒక్కోటి పట్టుకున్నాం.
ఎర్రటి దారాలు కనపడాల, సాలెగూడు మాదిరి,
మధ్యలో చుక్కొకటి కొట్టుకోవాల.
పదింటిలోనూ ఉత్త పసుపు వెలుతురు.
నూనె పోసి ఒత్తి మరిచిపోయిన దీపాలు.

దొరస్వామి వచ్చి పచ్చదాన్ని వెల్లకిలా పట్టి
తోక కింద ఎముకలు తడిమినాడు.
వేలు పట్టేంత ఎడం.
నీలందానికీ అంతే.
"రెండూ పెట్టలే మా,
ఒకదాన్ని ఈండి, రేపే పుంజు తెస్తా."

ధనభాగ్యం కాజా కుట్టేది ఆపి
దారం పంటితో తెంపి,
"గుడ్లు తీసెయ్యాలా?" అని మాత్రం అడిగింది.
వద్దంట.
తీస్తే మళ్లా పెడతాయంట.
పెట్టీ పెట్టీ ఒంట్లో సున్నం కరిగిపోయి
గుడ్డు అడ్డంపడి చచ్చిపోతాయంట.
ఉత్తవే అయినా పొదగనియ్యాల.
ఎప్పుడు చాలో వాటికే తెలియాల.

ఇరవై మూడు దినాలు దాటినాయి.
ఇరవై ఏడు. ముప్పై.
నీలంది నీళ్ల గిన్నెలో మునిగి
తడి రొమ్ముతో పోయి గుడ్లమీద కూర్చుంటుంది.
అది లేస్తే పచ్చది.
ఒక్క గడియ చల్లారనియ్యలేదు.
మేము సముద్రపు నురగ తెచ్చి పంజరానికి కట్టినాం,
మునగాకు వేసినాం, ఇంకేం చేస్తాం.

దొరస్వామి రెండుసార్లు పుంజుతో వచ్చిపోయినాడు.
మొదటిసారి నేను, బీగంచెవి కనపళ్లేదన్నా.
రెండోసారి ధనభాగ్యం ఆయనకు టీ ఇచ్చి
చొక్కాకు కొలత తీసి పంపించింది.

ముప్పై నాలుగో దినం పొద్దున
గుడ్లు పదీ ఒక పక్కకు తోసి ఉండె.
రెండూ బయట కొయ్యమీద,
మెడలు గీరుకుంటా.
గుడ్లు తీస్తే చల్లగా ఉండాయి.
పారెయ్యడానికి చెయ్యాడక బొత్తాల డబ్బాలో వేసినా.
తెల్ల బొత్తాం కావాల్సినప్పుడల్లా
చూసి తీయాల.

ఈ వారం పెళ్లి రవికలు పన్నెండు ఒప్పుకున్నాం.
కాగితం పంజరం పక్కన పెట్టొద్దే అంటే
ధనభాగ్యం వినదు.
నిన్న చూస్తే ఒక అంచు అప్పుడే
చిల్లులు పడి ఉండాది, వరసగా.